లేబుల్ మీద అబద్ధం రాసిన మందులు: ప్రభుత్వ చర్య ఎక్కడ పట్టుకుంటోంది, ఎక్కడ వదిలేస్తోంది?

మానేరు_ఒడ్డు

సభ్యులందరికీ నమస్కారం. కరీంనగర్ జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో చాలా ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. ఈ మధ్య మా వీధిలోనే ఉన్న మరో షాపుకు డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్లు వచ్చి, ఇద్దరు సాక్షుల సమక్షంలో పంచనామా రాసి, ఒక ఆయుర్వేద సిరప్ సీసాలన్నిటినీ స్వాధీనం చేసుకొని వెళ్లారు. ఆ సిరప్‌కు తయారీ లైసెన్సు నంబరు ఉంది, బ్యాచ్ నంబరు ఉంది, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నాయి, వాడిన మూలికల పేర్లూ మోతాదులూ వరుసగా ముద్రించి ఉన్నాయి. అందులో కల్తీ ఉందని అధికారులు కూడా అనలేదు. అట్టపెట్టె మీద "మూత్రపిండాల్లోని రాళ్లను కరిగిస్తుంది" అన్న ఒక్క వాక్యం ఉన్నందుకే కేసు అయింది. మర్నాటికల్లా ఊళ్లో "నకిలీ మందులు పట్టుబడ్డాయట" అన్న మాట పాకిపోయి, ఆ షాపు యజమాని తలెత్తుకోలేకపోయాడు.

నా సందేహాలు రెండు. లోపల ఉన్న సరుకు పైన రాసినట్టే ఉన్నప్పుడు, పెట్టె మీది ఒక వాక్యం వల్ల ఆ మందు నేరపు మందు ఎలా అవుతుంది? ఆ వాక్యాన్ని ముద్రించినది ఎక్కడో వేరే రాష్ట్రంలోని కంపెనీ అయినప్పుడు, బిల్లు కట్టి కొని అమ్మిన షాపువాడు ఎందుకు జవాబు చెప్పాలి? చట్టం తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత_ఇన్‌స్పెక్టర్

మీ మొదటి సందేహం చాలామంది షాపు యజమానులకు ఉన్నదే కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను. మందుల విషయంలో చట్టం మూడు రకాల తప్పులను వేరువేరుగా చూస్తుంది. ఒక కంపెనీ మందు పేరును మరొకరు దొంగిలించి అమ్మినా, లేని కంపెనీ పేరు వేసినా, ఉండవలసిన మందుకు బదులు సుద్దపొడి నింపినా అది నకిలీ మందు. మందు అసలుదే అయినా లేబుల్ మీద ఏ విషయంలోనైనా అబద్ధమో, తప్పుదారి పట్టించే మాటో ఉంటే అది మిస్‌బ్రాండెడ్ మందు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో అల్లోపతి మందులకు 17వ సెక్షన్, ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందులకు 33ఇ సెక్షన్ ఈ సంగతి చెబుతాయి. ఈ రెండూ కాక మూడోది ఉంది, మీ వీధిలో జరిగినది ఆ మూడోదే. అది 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం.

ఆ చట్టంలో ప్రకటన అంటే పత్రికలో వేసినదో టీవీలో వచ్చినదో మాత్రమే కాదు. కరపత్రం, లేబుల్, మందు చుట్టిన కాగితం కూడా ప్రకటనే అని 2వ సెక్షన్‌లోనే రాసి ఉంది. 3వ సెక్షన్ ప్రకారం, చట్టానికి జతచేసిన పట్టికలోని జబ్బులను నయం చేస్తామని గానీ, రాకుండా ఆపుతామని గానీ ఎవరూ ప్రకటించకూడదు. పట్టికలో 54 జబ్బులూ శరీర స్థితులూ ఉన్నాయి. క్యాన్సర్, మధుమేహం, పక్షవాతం, బొల్లి, కుష్ఠు, క్షయ, గుండె జబ్బులు, రక్తపోటు, కీళ్లవాతం, స్థూలకాయం వంటివి అందులో కనిపిస్తాయి. మూత్రపిండాల్లో రాళ్లూ ఉన్నాయి. జ్వరాలు సైతం ఉన్నాయి. పట్టికలోని జబ్బు పేరెత్తి నయం చేస్తామని పెట్టె మీద రాసిన క్షణానే నేరం పూర్తవుతుంది. ఆ మందు నిజంగా పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నకు 3వ సెక్షన్‌లో చోటే లేదు. నిజానిజాల విచారణ 4వ సెక్షన్ పని.

మేము తనిఖీకి వెళ్లినప్పుడు పెట్టె ముందు భాగం కన్నా పక్క అంచులను ఎక్కువగా చూసేవాళ్లం. ముందు భాగంలో పేరూ, ఆకుల బొమ్మా ఉంటాయి. జబ్బు పేరు సాధారణంగా పక్క అంచున, "ఉపయోగాలు" అన్న శీర్షిక కింద సన్నని అక్షరాల్లో ఉంటుంది, ఇంగ్లిషులో ఒక రకంగా, తెలుగులో మరింత ఘాటుగా. ఇంగ్లిషులో "మూత్ర వ్యవస్థ ఆరోగ్యానికి తోడ్పడుతుంది" అన్న అర్థం వచ్చేలా రాసి, తెలుగులో "రాళ్లు కరిగి పడిపోతాయి" అని రాసిన పెట్టెలు నా ఉద్యోగ కాలంలో చాలా చూశాను. ఇంగ్లిషు వాక్యం అధికారి కోసం, తెలుగు వాక్యం రోగి కోసం అన్నమాట. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం గత కొన్నేళ్లుగా ఇలాంటి లేబుళ్ల మీద వరుసగా దాడులు చేస్తున్నందువల్ల ఈ చట్టం పేరు మళ్లీ వినబడుతోంది గానీ, ఇది కొత్త చట్టమేమీ కాదు.

రెండో సందేహానికి తర్వాత వస్తాను.

న్యాయపాఠి

మానేరు గారు అడిగిన మొదటి ప్రశ్న మీద, అంటే లోపలి సరుకు నిజమైనప్పుడు పైమాట అబద్ధమైతే అది తప్పుడు లేబులా కాదా అన్నదాని మీద, అమెరికాలో ముప్పై ఏళ్లకు పైగా పోరాటం జరిగింది. అక్కడి ప్రభుత్వం ఎక్కడ ఓడిపోయిందో తెలిస్తే, మన 1954 చట్టం ఎందుకంత కఠినంగా ఉందో అర్థం చేసుకోవడం తేలికవుతుంది.

పంతొమ్మిదో శతాబ్దపు చివర్లో అమెరికాలో పేటెంట్ మందుల వ్యాపారం విచ్చలవిడిగా సాగింది. పేరుకు పేటెంట్ మందులే గానీ వాటిలో చాలావాటికి పేటెంటే లేదు. పేటెంటు కావాలంటే అందులో ఏముందో బయటపెట్టాలి కదా, ఆ గుట్టు దాచడమే వారి వ్యాపారానికి ఆయువుపట్టు. పసిపిల్లలు ఏడవకుండా పట్టే సిరప్‌లో మార్ఫిన్ ఉండేది, ఇంటిల్లిపాదీ వాడే టానిక్‌లో పావు వంతుకు పైగా ఆల్కహాలు ఉండేది. 1905లో శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ అనే పాత్రికేయుడు కోలియర్స్ పత్రికలో వీటి గుట్టు విప్పుతూ వరుస వ్యాసాలు రాశాడు. వ్యవసాయ శాఖలో ప్రధాన రసాయన శాస్త్రవేత్తగా ఉన్న హార్వీ వైలీ అంతకు ముందునుంచే చట్టం కోసం పట్టుబడుతున్నాడు. చివరికి 1906 జూన్ 30న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ శుద్ధ ఆహార, ఔషధ చట్టం మీద సంతకం చేశాడు, 1907 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఆ చట్టం ఏ మందునూ నిషేధించలేదన్న సంగతి గమనించాలి. ఆల్కహాలు, మార్ఫిన్, నల్లమందు, కొకైన్, హెరాయిన్, క్లోరోఫామ్, గంజాయి, ఎసిటానిలైడ్ వంటి కొన్ని పదార్థాలు ఉంటే ఎంత ఉన్నాయో లేబుల్ మీద రాయాలన్నది, లేబుల్ మీద అబద్ధం ఉండకూడదన్నది, అంతే. తొలి కేసుల్లో ఒకటి వాషింగ్టన్‌కు చెందిన రాబర్ట్ హార్పర్ అనే వ్యాపారి మీద నడిచింది. అతడు "క్యూఫర్‌హెడేక్ బ్రేన్‌ఫూడ్" అన్న పేరుతో తలనొప్పి మందు అమ్మేవాడు, అందులో హాని కలిగించే విషపదార్థం ఏదీ లేదని ప్రకటించుకున్నాడు, ఉన్నదేమో ఒంటికి హాని చేసే ఎసిటానిలైడ్. 1908లో దోషిగా తేల్చి 700 డాలర్ల జరిమానా వేశారు. ఆ మందు మీద అతడు సంపాదించిన దానితో పోలిస్తే అది ఏపాటి శిక్ష?

అసలు దెబ్బ 1911లో తగిలింది. కాన్సస్ సిటీకి చెందిన జాన్సన్ అనే అతడు క్యాన్సర్‌ను నయం చేస్తుందంటూ మందులు అమ్మాడు, వాటికి ఆ శక్తి లేదని ప్రభుత్వం కేసు పెట్టింది. సుప్రీంకోర్టు ఆరుగురి మెజారిటీతో, న్యాయమూర్తి హోమ్స్ రాసిన తీర్పులో, 1906 చట్టం నిషేధించినది మందు ఏమిటన్న దాని గురించిన అబద్ధాన్నే తప్ప మందు ఏమి చేస్తుందన్న దాని గురించిన అబద్ధాన్ని కాదని తేల్చింది. మానేరు గారు వేసిన ప్రశ్నకు ఆనాడు అమెరికా అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన సమాధానం సరిగ్గా మీ షాపులవాళ్ల పక్షానే ఉంది.

సందేహి

న్యాయపాఠి గారూ, క్యాన్సర్ నయం చేయని మందును నయం చేస్తుందని అమ్మడం అబద్ధం కాదని ఏ న్యాయమూర్తైనా ఎలా అనగలడు? ఆ తీర్పు వెనకాల ఉన్న తర్కమేమిటో చెబుతారా? అలాగే ఆ తర్వాత ఏమైందో కూడా రాయండి.

న్యాయపాఠి

హోమ్స్ తర్కాన్ని కొట్టిపారేయడం సులభమే గానీ, అందులో ఒక పట్టు ఉంది. వైద్యుల్లోనే ఏ మందు ఏ జబ్బుకు పనిచేస్తుందన్న విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నప్పుడు, అభిప్రాయాన్ని నేరంగా మార్చే అధికారాన్ని అమెరికా చట్టసభ ఒక రసాయన విభాగానికి ఇచ్చిందని అనుకోలేమన్నది ఆయన వాదం. సీసాలో ఎంత ఆల్కహాలు ఉందో ప్రయోగశాల తేల్చగలదు, ఆ సీసా క్యాన్సర్‌ను తగ్గిస్తుందా అన్నది ఆనాటి శాస్త్రానికి అంత తేలిగ్గా తేలే విషయం కాదు. న్యాయమూర్తి హ్యూస్ మరో ఇద్దరితో కలిసి దీన్ని వ్యతిరేకించాడు. అభిప్రాయభేదానికి తావున్న చోట సరే, ఏ అభిప్రాయమూ సమర్థించని పచ్చి అబద్ధం సంగతేమిటని ఆయన అడిగాడు.

ఆ గండిని పూడ్చడానికి 1912లో షర్లీ సవరణ తెచ్చారు. నయం చేస్తామన్న మాట అబద్ధమూ, మోసపూరితమూ అయితే అది తప్పుడు లేబులే అని అందులో రాశారు. చూడడానికి బాగానే ఉంది. కానీ "మోసపూరితం" అన్న ఆ ఒక్క మాట వల్ల, అమ్మేవాడికి తన మాట అబద్ధమని ముందే తెలుసని ప్రభుత్వం రుజువు చేయవలసి వచ్చింది. క్షయను నయం చేస్తుందంటూ అమ్మిన ఎక్‌మన్ ఆల్టరేటివ్ కేసులో 1916లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది. ఆ తీర్పు రాసినది 1911లో వ్యతిరేక స్వరం వినిపించిన హ్యూసే. పాముకొవ్వు నూనె అంటూ క్లార్క్ స్టాన్లీ అమ్మిన మందును పరీక్షిస్తే అందులో ఉన్నది దాదాపు అంతా ఖనిజ తైలమే, కాస్త కొవ్వు, కాస్త మిరప ఘాటు, కర్పూరం. అతడికి పడిన జరిమానా 20 డాలర్లు.

అన్నిటికన్నా గుండెను పిండే కేసు బాన్‌బార్ అనే మందుది. అది గుర్రపుతోక అనే మొక్క రసం, మధుమేహానికి అమ్మేవారు. అప్పటికి ఇన్సులిన్ వచ్చి పదేళ్లు దాటింది, అంటే బతికించే మందు అందుబాటులోనే ఉంది. ఈ రసం వల్ల తమకు నయమైందంటూ రోగులు కంపెనీకి రాసిన ఉత్తరాలను తీసుకొని, వాటి పక్కన అదే రోగుల మరణ ధ్రువపత్రాలను పెట్టి అధికారులు కోర్టుకు చూపారు. అయినా కేసు ఓడిపోయారు, ఎందుకంటే అమ్మినవాడు తన మందును తాను నమ్మలేదని రుజువు చేయలేకపోయారు. ఆ ఉత్తరాలనూ మరణ పత్రాలనూ తరువాత ప్రజలకు ప్రదర్శనలో పెట్టారు.

న్యూజెర్సీ_ఫార్మసిస్ట్

న్యాయపాఠి గారు ఆపిన చోటు నుంచి నేను అందుకుంటాను, ఎందుకంటే మా చదువులో ఈ భాగాన్ని ప్రతి విద్యార్థి చేతా చదివిస్తారు. 1937లో టెనసీ రాష్ట్రంలోని మాసెన్‌గిల్ కంపెనీ, సల్ఫనిలమైడ్ అనే మంచి మందును తాగే ద్రవంగా చేయాలని, అది కరగడానికి డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపు ద్రావకాన్ని వాడింది. రంగూ రుచీ వాసనా పరీక్షించారు, విషమా కాదా అన్నది పరీక్షించలేదు. దాన్ని తాగి వందమందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది పిల్లలు. అప్పటి చట్టంలో విషపు మందు అమ్మకూడదన్న నిబంధనే లేకపోవడం వల్ల, ప్రభుత్వానికి దొరికిన ఆధారం ఒక్కటే: లేబుల్ మీద "ఎలిక్సిర్" అని ఉంది, ఎలిక్సిర్ అంటే ఆల్కహాలు ఉండాలి, ఇందులో లేదు, కాబట్టి ఇది తప్పుడు లేబుల్. వందకు పైగా ప్రాణాలు పోయిన వ్యవహారంలో ఊరూరా తిరిగి సీసాలను వెనక్కి రప్పించిన అధికారం ఆ ఒక్క మాట మీదే నిలబడింది. కంపెనీకి 26,100 డాలర్ల జరిమానా పడింది. మరుసటి ఏడాది, 1938 జూన్ 25న, కొత్త చట్టం వచ్చింది. మందు అమ్మకానికి ముందే అది సురక్షితమని చూపించాలన్న నిబంధన పెట్టారు, మోసపు ఉద్దేశాన్ని రుజువు చేయాలన్న షరతును తీసేశారు. లేబుల్ అబద్ధమైతే చాలు, రాసినవాడి మనసులో ఏముందో వెతకనక్కర్లేదు.

అయితే అమెరికాలో కథ అక్కడితో ముగిసిందని ఎవరూ అనుకోవద్దు. 1994 నాటి చట్టం వల్ల మూలికల మాత్రలనూ విటమిన్లనూ ఆహార అనుబంధాలుగా అమ్ముకోవచ్చు, జబ్బు పేరు ఎత్తకుండా "కీళ్ల ఆరోగ్యానికి తోడ్పడుతుంది" అని రాసుకోవచ్చు, కింద సన్నగా, ఈ మాటను అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశీలించలేదనీ ఈ ఉత్పత్తి జబ్బును నయం చేయడానికి ఉద్దేశించినది కాదనీ ఒక ప్రకటన చేర్చితే సరిపోతుంది. ఇక్కడి మన దక్షిణాసియా కిరాణా దుకాణాల్లో దొరికే ఆయుర్వేద మందులకు మరో చిక్కుంది. బోస్టన్ ప్రాంతపు దుకాణాల నుంచి 70 రకాలు కొని పరీక్షిస్తే 14 రకాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడిందని 2004లో ప్రచురించారు. లేబుల్ మీద ఉన్న మాట గురించి ఇక్కడ మాట్లాడుకుంటున్నాం గానీ, లేబుల్ చెప్పకుండా వదిలేసిన మాట కూడా అంతే ప్రమాదకరం. తెలుగు కుటుంబాలు ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఇలాంటి డబ్బాలు సంచుల్లో వేసుకొని రావడం, పసిపిల్లలకు కూడా పట్టడం నేను తరచూ చూస్తుంటాను కాబట్టి ఇంతగా చెబుతున్నాను.

ఆయుర్వైద్యుడు_బెజవాడ

ఇంతవరకు నడిచిన చర్చలో "ఆయుర్వేద సిరప్" అన్న మాటను అందరూ ఒకే అర్థంలో వాడుతున్నారు, దాన్ని సరిదిద్దవలసిన బాధ్యత నాకుంది. మన చట్టంలో ఆయుర్వేద మందులు రెండు తెగలు. ఒకటి, చట్టం గుర్తించిన ప్రామాణిక గ్రంథాల్లో చెప్పిన యోగాన్ని, అంటే మందు కూర్పును, చెప్పినట్టుగా తయారుచేసినది. రెండోది పేటెంట్ లేదా ప్రొప్రైటరీ మందు. ఆ గ్రంథాల్లో చెప్పిన దినుసులనే తీసుకొని, గ్రంథంలో లేని విధంగా కంపెనీ సొంతంగా కూర్చుకున్నది. మందుల షాపుల్లోనూ టీవీల్లోనూ మోత మోగించేవి ఈ రెండో తెగవి. వేల ఏళ్ల అనుభవం అంటూ పెట్టె మీద రాస్తారు గానీ, ఆ కూర్పు వయసు ఆ కంపెనీ వయసు కన్నా ఎక్కువ కాదు. ఋషుల పేరు చెప్పి అమ్ముకుంటున్నది నిన్నమొన్నటి కూర్పు అన్నది రోగికి తెలియదు, ఆ మచ్చ మాత్రం మా శాస్త్రానికి అంటుతుంది.

తయారీ లైసెన్సు ఉంది కదా అన్న మానేరు గారి మాటకు కూడా సమాధానం ఇదే. లైసెన్సు తయారు చేయడానికి ఇచ్చిన అనుమతి. పెట్టె మీద ఏ జబ్బు పేరైనా రాసుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు. లైసెన్సు నంబరును చూసి ఆ పక్కనున్న వాక్యానికీ ప్రభుత్వ ముద్ర ఉందని జనం అనుకోవడమే ఈ వ్యాపారానికి పెట్టుబడి.

అశ్మరి అంటే మూత్రంలో రాళ్ల గురించి, ప్రమేహం అంటే మధుమేహం వంటి జబ్బుల గురించి మా గ్రంథాల్లో చికిత్సలు ఉన్నాయి, నేను చేస్తాను కూడా. కానీ రోగిని చూసి, రాయి ఎంత ఉందో స్కాన్ చూసి, మూత్రపిండం వాచిందేమో చూసి, అవసరమైతే సర్జన్ దగ్గరకు పంపుతాను. చట్టం కూడా వైద్యుడి నోరు నొక్కలేదు. నమోదైన వైద్యుడు తాను చికిత్స చేస్తానని తన ఆవరణలో బోర్డు పెట్టుకోవచ్చు, శాస్త్రీయ దృష్టితో పుస్తకం రాయవచ్చు, తోటి వైద్యులకు రహస్యంగా సమాచారం పంపవచ్చు, వీటికి 14వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. నిషేధం ఉన్నది రోగిని చూడకుండానే నయం చేస్తానని చెప్పే పెట్టెకు.

గోదారి_అమ్మాయి

చాలా రోజులుగా ఈ వేదికను చదువుతున్నా రాయడం మాత్రం ఇప్పుడే. మా నాన్నగారికి షుగరు. రాజమండ్రిలో డాక్టరు గారు రాసిన మాత్రలు క్రమం తప్పకుండా వేసుకొనేవారు. బంధువు ఒకరు ఒక పొడి డబ్బా తెచ్చి ఇచ్చారు. ఆ డబ్బా ఇప్పుడు నా ముందే ఉంది. ముందువైపు కాకరకాయ, నేరేడు పండ్ల బొమ్మలు, వాటి మీదుగా ఎర్రటి గీత కొట్టిన సూది బొమ్మ. పక్కన తెలుగులో "ఇన్సులిన్‌కు, మాత్రలకు శాశ్వతంగా సెలవు" అని పెద్ద అక్షరాలు. వెనకవైపు దినుసుల పట్టిక, లైసెన్సు నంబరు, అన్నిటికన్నా అడుగున ఇంగ్లిషులో వైద్యుల సలహా మేరకే వాడాలన్న మాట, అది చదవడానికి నాకే ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసుకోవలసి వచ్చింది. నాన్నగారికి ఇంగ్లిషు రాదు. ఆయన ఆ తెలుగు వాక్యాన్ని నమ్మి మాత్రలు మానేశారు. కాలికి పుండు పడి మానక, ఆస్పత్రిలో చేర్చి, చివరికి రెండు వేళ్లు తీసేయవలసి వచ్చింది.

న్యాయపాఠి గారు బాన్‌బార్ గురించి రాసినది చదివి చాలాసేపు ఇంకేమీ చేయలేకపోయాను. మానేరు గారు పెట్టె మీద ఒక్క వాక్యమే కదా అన్నారు. మా నాన్నగారి చేత మాత్రలు మాన్పించినది లోపలి పొడి కాదండి, ఆ ఒక్క వాక్యమే. దీని మీద ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలో తెలిసినవారు చెప్పగలరా?

మానేరు_ఒడ్డు

అమ్మా, మీ నాన్నగారికి జరిగినది చదివి మనసు చాలా బాధపడింది. ఆ వాక్యాన్ని తేలిగ్గా తీసుకోవడం నా ఉద్దేశం కాదు. ముద్రించినవాడు దర్జాగా ఉండగా మావంటి వారిమీదే చర్య ఆగిపోతోందన్నది నా ఆవేదన. అల్లోపతి మందులు అమ్మడానికి నాకు లైసెన్సు కావాలి, ఫార్మసిస్టు ఉండాలి, ప్రతి సీసాకు లెక్క చూపాలి. ఆయుర్వేద మందులు అమ్మడానికి అమ్మకపు లైసెన్సే అక్కర్లేదు కాబట్టి అదే పొడి డబ్బా కిరాణా కొట్లో దొరుకుతుంది, సంతలో దొరుకుతుంది, ఫోనులో ఆర్డరు పెడితే ఇంటికే వస్తుంది. అధికారులకు అందుబాటులో ఉన్నది నా షాపు ఒక్కటే.

విశ్రాంత_ఇన్‌స్పెక్టర్

మానేరు గారి రెండో సందేహానికి ఇప్పుడు వస్తున్నాను, ఆయన ఆవేదనలో న్యాయం ఉంది. 3వ సెక్షన్ "ప్రకటన ప్రచురణలో ఏ విధంగానైనా పాలుపంచుకోవడం" అన్న విశాలమైన మాట వాడింది కాబట్టి, అభ్యంతరకరమైన లేబుల్ ఉన్న పెట్టెను అరలో పెట్టి అమ్మిన షాపు కూడా విచారణలోకి వస్తుంది. కానీ నిజాయతీగా పనిచేసే ఇన్‌స్పెక్టరుకు షాపు మొదటి మెట్టు మాత్రమే. షాపువాడి బిల్లు పట్టుకొని హోల్‌సేల్ వ్యాపారి దగ్గరకు, అక్కడి నుంచి తయారీదారు దగ్గరకు వెళ్లాలి. కంపెనీ నేరమైతే దాని నిర్వహణ చూసే బాధ్యులు కూడా నిందితులవుతారని 9వ సెక్షన్ చెబుతోంది. అందుకే షాపు యజమానులందరికీ చెబుతున్నాను, బిల్లు లేని సరుకు ఎంత లాభం వచ్చినా కొనవద్దు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, తయారీ లైసెన్సు ఏ రాష్ట్రం ఇస్తే ఆ రాష్ట్రమే దాన్ని నిలిపివేయగలదు, రద్దు చేయగలదు. తెలంగాణ అధికారి ఇక్కడి పెట్టెలను స్వాధీనం చేసుకోగలడు, కేసు పెట్టగలడు, వేరే రాష్ట్రపు ఫ్యాక్టరీలో ముద్రణను ఆపించలేడు. ఆ రాష్ట్రానికి ఉత్తరం రాస్తాం, ఉత్తరం అక్కడ ఫైల్లో పడి ఉంటుంది. ఇక శిక్ష సంగతి చూడండి: మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ, మళ్లీ చేస్తే ఏడాది వరకు. ఒక్క టీవీ ప్రకటనకు అంతకన్నా ఎన్నో రెట్లు ఖర్చుపెట్టే కంపెనీకి ఆ జరిమానా వ్యాపారపు ఖర్చుల్లో కలిసిపోతుంది.

న్యాయపాఠి

ఈ విషయంలో ఈ మధ్య జరిగిన చరిత్ర కూడా కలిపి చూడాలి. 1954 చట్టాన్ని యునానీ మందుల సంస్థ హమ్‌దర్ద్ దవాఖానా సవాలు చేస్తే, 1959 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఇలాంటి వ్యాపార ప్రకటన వాక్‌స్వాతంత్ర్యం కిందికి రాదని తేల్చి చట్టాన్ని చాలావరకు నిలబెట్టింది. పట్టికకు ప్రభుత్వం తనంతట తాను మరిన్ని జబ్బులను చేర్చుకొనే అధికారాన్నీ, అడ్డూ ఆపూ లేని స్వాధీన అధికారాన్నీ మాత్రం కొట్టేసింది. 1963లో సవరణ చేసి ఆ లోపాలను సరిచేశారు.

ఆ తర్వాత దశాబ్దాలపాటు చట్టం పుస్తకంలోనే ఉంది. 2018 చివర్లో 1940 చట్టం కిందున్న నిబంధనల్లో 170వ నిబంధన తెచ్చి, ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల ప్రకటనలకు ముందుగా రాష్ట్ర అధికారి అనుమతి తీసుకోవాలన్నారు. 2023 ఆగస్టులో ఆయుష్ మంత్రిత్వ శాఖే దాని కింద చర్య తీసుకోవద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. 2024 జులైలో ఆ నిబంధనను తొలగిస్తే, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వేసిన కేసులో ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తొలగింపును నిలిపివేసింది. 2025 ఆగస్టులో కేసే ముగిసిపోయింది, నిబంధన లేకుండా పోయింది. ఆ కేసులోనే పతంజలి ప్రకటనల వ్యవహారం అంతా బయటికి వచ్చింది. ఉత్తరాఖండ్ లైసెన్సింగ్ అధికారి 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థకు చెందిన 14 ఉత్పత్తుల లైసెన్సులను నిలిపివేసింది కూడా సుప్రీంకోర్టు గట్టిగా నిలదీసిన తర్వాతే. విశ్రాంత ఇన్‌స్పెక్టర్ గారు చెప్పిన ఫైల్లో పడి ఉండే ఉత్తరం కదలాలంటే ఢిల్లీలో న్యాయమూర్తులు కోపగించుకోవలసి వచ్చిందన్నమాట. అదే కేసులో 2025 మార్చి 26న, 1954 చట్టం కింద ప్రజలు ఫిర్యాదు చేయడానికి ప్రతి రాష్ట్రంలో రెండు నెలల్లో ఏర్పాటు ఉండాలని కోర్టు ఆదేశించింది.

సందేహి

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. అయినా ఒక విషయం నన్ను వదలడం లేదు. 3వ సెక్షన్‌లో నిజానిజాలకు చోటే లేదని ఇన్‌స్పెక్టర్ గారు రాశారు. రేపు నిజంగానే ఒక మందు రాళ్లను కరిగిస్తుందని పరీక్షల్లో రుజువైతే, ఆ నిజాన్ని పెట్టె మీద రాయడం కూడా నేరమే కదా? నిజం చెప్పినవాడిని అబద్ధం చెప్పినవాడితో కలిపి శిక్షించే చట్టం మంచి చట్టమవుతుందా? 1954 నాటి పట్టికను ఈనాటికీ అలాగే ఉంచడంలో అర్థమేమిటి?

ఆయుర్వైద్యుడు_బెజవాడ

మీ ప్రశ్న సబబైనదే, పట్టికను నిపుణులతో తిరిగి పరిశీలించాలని నేనూ కోరుకుంటాను. కానీ నిజమైన మందుకు ఈ నిషేధం వల్ల పోయేదేమీ లేదు. ఇన్సులిన్ పెట్టె మీద "మధుమేహం నయమగును" అని ఎవరూ రాయలేదు, అయినా ప్రపంచమంతా దాన్ని వాడుతోంది, ఎందుకంటే వైద్యుడు రాస్తాడు, రోగి కొంటాడు. రుజువు ఉన్న మందు వైద్యుడి ద్వారా రోగికి చేరుతుంది. రోగిని నేరుగా పెట్టె మీది మాటతో పట్టుకోవలసిన అవసరం రుజువు లేనివాడికే ఉంటుంది. బాన్‌బార్ అమ్మినవాడు తన రసాన్ని నమ్మే ఉండవచ్చు. అతడి నమ్మకం చనిపోయినవారికి ఏ మేలూ చేయలేదు. అమ్మేవాడి మనసును వెతికే చట్టానికీ, పెట్టె మీది మాటను చూసే చట్టానికీ మధ్య ఎంచుకోమంటే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను.

విశ్రాంత_ఇన్‌స్పెక్టర్

గోదారి అమ్మాయి గారూ, మీరు అడిగినదానికి అందరికన్నా ముందే జవాబు రాయవలసింది, ఇప్పుడు రాస్తున్నాను. ముందుగా ఆ డబ్బాను పారేయవద్దు, కడగవద్దు, మిగిలిన పొడిని అందులోనే ఉంచండి. దానికి అట్టపెట్టె వచ్చి ఉంటే అదీ, లోపల కరపత్రం ఉంటే అదీ కలిపి ఒక సంచిలో పెట్టండి. ఎర్రగీత కొట్టిన సూది బొమ్మ, "శాశ్వతంగా సెలవు" అన్న వాక్యం, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా, ఈ ఐదూ స్పష్టంగా కనబడేలా వేరువేరుగా ఫొటోలు తీయండి. కొన్న బిల్లు ఉంటే మంచిది, లేకపోతే ఎవరు, ఎక్కడ, సుమారుగా ఎప్పుడు కొన్నారో మీ బంధువు చేత ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించండి.

మీ జిల్లా ఔషధ నియంత్రణ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఫిర్యాదులో మందు పనిచేయలేదన్న మాటతో మొదలుపెట్టకండి, ఎందుకంటే అక్కడి నుంచి వాదన ప్రయోగశాల వైపు మళ్లుతుంది. మధుమేహం పట్టికలో ఉన్న జబ్బు, దాన్ని నయం చేస్తామని లేబుల్ మీద ఉంది, లేబుల్ 2వ సెక్షన్ ప్రకారం ప్రకటన, కాబట్టి 3వ సెక్షన్ ఉల్లంఘన జరిగింది అని మొదటి పేరాలోనే రాయండి. నాన్నగారి ఆస్పత్రి డిశ్చార్జి కాగితం నకలు జతచేయండి, అది లేబుల్ వల్ల జరిగిన హానికి ఆధారం. ఆయుష్ మంత్రిత్వ శాఖ 2025లో ప్రారంభించిన ఆయుష్ సురక్ష పోర్టల్‌లో కూడా ఇవే ఫొటోలతో నమోదు చేయండి. డబ్బా మీద వేరే రాష్ట్రపు చిరునామా ఉంటే, ఆ రాష్ట్ర ఆయుష్ లైసెన్సింగ్ అధికారికి కూడా ఇదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో పంపండి.

ముసాయిదా రాసి ఇక్కడ పెడితే నేనూ న్యాయపాఠి గారూ సరిచూస్తాం. మీ నాన్నగారి పేరు, కంపెనీ పేరు మాత్రం ఇక్కడ పెట్టవద్దు, అవి ఫిర్యాదు కాగితంలోనే ఉండాలి. మానేరు గారూ, మీ షాపు అరల్లో ఆయుర్వేద పెట్టెలు ఎన్ని ఉన్నాయో అన్నిటి పక్క అంచులూ ఈ వారంలోనే ఒకసారి చదవండి. పట్టికలోని జబ్బు పేరు కనిపించిన ప్రతి పెట్టెనూ, కారణం బిల్లు మీద రాసి, హోల్‌సేల్ వారికి తిప్పి పంపండి.